ఉగాది నుంచి ఉగాది దాకా నెల్లూరు ఆకాశం

2026 ఉగాది వెళ్లిన ఆదివారం సాయంత్రం నెల్లూరులో, ఆకాశం చూడటం సరదాగా పెట్టుకున్నవాళ్ల ముందు, కొందరు బడిపిల్లలు, ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం తప్ప మాటలు మార్చలేదు.

అందరికీ నమస్కారం. కుర్చీలు చాలనివాళ్లు ముందుకొచ్చి చాప మీద కూర్చోండి, మొహమాటం వద్దు. ఆకాశం చూసేవాడికి కుర్చీ కన్నా చాపే మేలు. మెడ పట్టెయ్యదు.

మొన్న గురువారం అందరూ పంచాంగ శ్రవణం వినే ఉంటారు. పరాభవ నామ సంవత్సరం. ఎవరికెంత ఆదాయం, ఎంత వ్యయం, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత, అన్నీ విన్నారు. ఇవాళ నేను చెప్పేది కూడా పంచాంగ శ్రవణమే అనుకోండి. కాకపోతే మీ రాశికి ఆదాయం నేను చెప్పలేను. ఏ రాత్రి నిద్ర చెడగొట్టుకోవాలి, ఏ రాత్రి హాయిగా పడుకున్నా నష్టం లేదు, అంతవరకే నా పని.

ఏటా జనవరి మొదట్లో మన ఫోన్లకి ఒక జాబితా వస్తుంది. ఈ ఏడాది ఆకాశంలో వింతలు అని. ఈ తేదీన ఉల్కాపాతం, ఆ తేదీన గ్రహణం, ఇంకో తేదీన సూపర్ మూన్. అందరం ఫార్వర్డ్ చేసేస్తాం. ఆ జాబితా ఎవరు ఎవరి కోసం రాశారు? లండన్ వాడి కోసమో, న్యూయార్క్ వాడి కోసమో రాసింది. తప్పు జాబితా కాదు, మంచిదే. కానీ వాడి ఆకాశం వేరు, మన ఆకాశం వేరు. వాడి మబ్బులు వేరు, మన మబ్బులు వేరు. నెల్లూరుకి, ఒంగోలుకి పనికొచ్చే క్యాలెండరు మనం కూర్చుని మనమే రాసుకోవాలి. ఇవాళ చెప్పొచ్చిన సంగతి ఇదొక్కటే. మిగతాదంతా దాన్ని ఎలా రాసుకోవాలన్నదే.

ముందు తేదీ సంగతి చూడండి. జాబితాలో పెర్సీడ్ ఉల్కలు ఆగస్టు 13 అని ఉంటుంది. మనవాడు 13వ తేదీ రాత్రి భోంచేసి, చాప వేసుకుని, దోమలు కుట్టించుకుని పడుకుంటాడు. అసలు జోరు ఎప్పుడు? 13 తెల్లవారుజామున. అంటే 12 రాత్రి మేలుకోవాలి. అర్ధరాత్రి 12కి తేదీ మారిపోవడం వల్ల వచ్చిన తంటా ఇది. మన పంచాంగంలో ఈ తంటా లేదు, గమనించారా? అక్కడ రోజంటే సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. రాత్రి మొత్తం ఒకే రోజు. అందుకే నేను ఇవాళ చెప్పే తేదీలన్నిటికీ రాత్రి అని చేరుస్తా. 12 రాత్రి అంటే 12 సాయంత్రం మొదలై తెల్లవారేదాకా. రాసుకునేవాళ్లు అలాగే రాసుకోండి.

ఇక రెండోది, మనం భూమ్మీద ఎక్కడున్నాం అన్నది. నెల్లూరు అక్షాంశం పద్నాలుగున్నర డిగ్రీలకు కాస్త తక్కువ, ఒంగోలు పదిహేనున్నర. ధ్రువనక్షత్రం మనకు అంతే ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి పడితే సుమారు 10 డిగ్రీలు. ఉత్తర దిక్కున నేలకు ఒకటిన్నర పిడికిలి పైన ఉన్నాడు మన ధ్రువుడు. చెట్టు అడ్డమొస్తే కనపడడు, అపార్ట్‌మెంట్ అడ్డమొస్తే కనపడడు. లండన్‌లో అయితే ఐదు పిడికిళ్ల ఎత్తు. అయ్యో మనకు తక్కువైందే అనుకుంటున్నారా? ఉత్తరాన పోయింది దక్షిణాన వచ్చింది. లండన్ వాడు జన్మలో తన ఊళ్లో నిలబడి అగస్త్య నక్షత్రాన్ని చూడలేడు. ఆకాశం మొత్తంలో మెరుపులో రెండోది అది, కానోపస్ అంటారు. మనకు జనవరి, ఫిబ్రవరి నెలల్లో రాత్రి 9 గంటలప్పుడు దక్షిణాన రెండు పిడికిళ్ల పైన తెల్లగా వెలుగుతుంటుంది. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి చుక్క ఆల్ఫా సెంటారీ, నాలుగు కాంతి సంవత్సరాల పైచిల్లర దూరం. ఢిల్లీలో ఉన్నవాళ్లకి అది నేలను అంటుకునే ఉంటుంది, కనపడదనే చెప్పాలి. మనకు ఒకటిన్నర పిడికిలి ఎత్తుకి వస్తుంది. మరి వాడి జాబితాలో ఇవి ఉంటాయా? ఉండవు. వాడికి కనపడనిది వాడెందుకు రాస్తాడు?

మూడోది మబ్బు. దీని గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. దేశమంతా జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన. మనకు? మన కోస్తాకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే. వాయుగుండాలు, తుపాన్లు అన్నీ అప్పుడే. జాబితాల్లో శరత్కాలం అద్భుతమైన కాలం అని రాస్తారు. ఎవరికి అద్భుతం? 2024 అక్టోబరులో ఒక మంచి తోకచుక్క వచ్చింది, సుచిన్షాన్-అట్లాస్ అని. సాయంత్రం పడమట మామూలు కంటికే కనపడే రోజులు సరిగ్గా అక్టోబరు మధ్యలో. సరిగ్గా అప్పుడే మనకు వాయుగుండం. దేశమంతా ఫోటోలు పెడుతుంటే మనం గొడుగులు పట్టుకుని వాటిని ఫోన్లో చూశాం. అదీ మన శరత్కాలం. మనకు మంచి ఆకాశం జనవరి నుంచి ఏప్రిల్ దాకా. మే కూడా, ఉక్క పోసినా ఫర్లేదు అనుకునేవాళ్లకి.

ఇంట్లో ఉన్న పంచాంగం మాట కూడా చెబుతా. ఇక్కడ సైన్స్ మాస్టార్లు ఉన్నారు, నావైపు అదోలా చూస్తున్నారు. ఉండండి మాస్టారూ, జాతకాల జోలికి పోవడం లేదు. అందులో లెక్కలు ఉన్నాయి, ఆ లెక్కలు మనకు కావాలి.

తిథి చూడండి. ఉల్కలు చూడాలన్నా, పాలపుంత చూడాలన్నా వెన్నెల శత్రువు. శుద్ధ చవితి అంటే రాత్రి 9, 9.30కి చంద్రుడు దిగిపోతాడు, తర్వాత రాత్రంతా మనదే. శుద్ధ అష్టమి అంటే అర్ధరాత్రి దాకా ఉంటాడు. బహుళ అష్టమి అంటే అర్ధరాత్రికి వస్తాడు. తిథి తిథికీ సుమారు 50 నిమిషాలు ఆలస్యం. ఇది పట్టుబడితే ఇక ఏ యాప్ అక్కర్లేదు. అన్నట్టు, చంద్రుడినే చూడదలుచుకుంటే పౌర్ణమి నాడు చూడకండి. వెలుతురు నిటారుగా పడి గుంటల నీడలు ఉండవు. శుద్ధ అష్టమి నాడు చూడండి, వెలుగూ చీకటీ కలిసే గీత వెంట గుంటలన్నీ నీడలతో లేచి కనపడతాయి. మామూలు బైనాక్యులర్ చాలు.

కార్తె చూడండి. రోహిణి కార్తె అంటే మనకు రోళ్లు పగిలే ఎండ. అంతవరకే తెలుసు. అసలు రోహిణి కార్తె అంటే సూర్యుడు రోహిణి నక్షత్రం దగ్గర ఉన్నాడని. సూర్యుడు అక్కడే ఉంటే ఆ చుక్క ఎలా కనపడుతుంది? కనపడదు. అంటే ఏ కార్తె నడుస్తుంటే ఆ చుక్క ఆ రోజుల్లో చూడలేం. అక్కడినుంచి ఆరు నెలలు లెక్కపెట్టండి. నవంబరు ఆఖర్న, డిసెంబరు మొదట్లో అదే రోహిణి పొద్దుగూకగానే తూర్పున లేచి రాత్రంతా ఉంటుంది. మన రైతులకు ఇరవై ఏడు కార్తెలూ నోటికి వచ్చు. అవి వచ్చినవాళ్లకి నక్షత్రాల క్యాలెండరు సగం వచ్చినట్టే.

ఇంకోటి మూఢం. శుక్ర మూఢం, గురు మూఢం వస్తే పెళ్లిళ్లు ఉండవని తెలుసు, ఫంక్షన్ హాళ్ల వాళ్లకి ఇంకా బాగా తెలుసు. మూఢం అంటే ఆ గ్రహం సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్లి కంటికి ఆనని రోజులు. గ్రహాలు చూసేవాడికి ఇంతకన్నా పనికొచ్చే సమాచారం ఏముంది? ఈ ఏడాది జులై 29కి గురువు సూర్యుడి వెనక్కి పోతాడు. దానికి అటూ ఇటూ గురువు కోసం వెతకొద్దు.

సరే, ఇక ఏడాదిలోకి వద్దాం.

మొన్న మార్చి 3, హోలీ పౌర్ణమి, చంద్రగ్రహణం. ఎవరెవరు చూశారు? చేతులెత్తండి. పర్లేదే, చాలామందే ఉన్నారు. సంపూర్ణ గ్రహణం మనకు సాయంత్రం 5.33కే అయిపోయింది, అప్పటికి చంద్రుడు మనకు ఉదయించనే లేదు. చంద్రుడు పైకి వచ్చేసరికి 6.20 కావస్తోంది, 6.47కి విడుపు. అంటే గ్రహణం పట్టిన చంద్రుడే ఉదయించాడు, దాదాపు మూడో వంతు నల్లగా. పంచాంగంలో దీన్ని గ్రస్తోదయం అంటారు. మైపాడు బీచ్ మనకు తూర్పు సముద్రం కాబట్టి ఇలాంటి వాటికి పెట్టింది పేరు. ఊళ్లో మేడల మధ్య ఉన్నవాళ్లకి చంద్రుడు కనపడేసరికి గ్రహణం విడిచిపోయింది.

మళ్లీ చంద్రగ్రహణం ఎప్పుడండీ అని అప్పుడే అడుగుతున్నారు. ఈ ఉగాది నుంచి వచ్చే ఉగాది లోపల మనకు కంటికి ఆనే గ్రహణం ఒక్కటీ లేదు. ఒక్కటీ లేదు. ఆగస్టు 12న సంపూర్ణ సూర్యగ్రహణం ఉంది, అది గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, స్పెయిన్ వాళ్లకి. ఆగస్టు 28, రాఖీ పౌర్ణమి నాడు పెద్ద పాక్షిక చంద్రగ్రహణం, దాని నడి గ్రహణం మనకు పొద్దున తొమ్మిదిన్నర దాటాక, చంద్రుడు మనకు అస్తమించిన తర్వాత. టీవీల్లో మాత్రం రెండు వారాల ముందు నుంచే టెన్షన్ మొదలవుతుంది, ఏ రాశివాళ్లు ఏం దానం చేయాలో చెబుతారు. కనపడని గ్రహణానికి నియమాలు లేవని పంచాంగకర్తలే రాస్తారు, కావాలంటే చూడండి. మనకు చంద్రుడి మీద నిజమైన నీడ పడేది 2028 జులై 6 రాత్రి, అదీ పాక్షికం. ఆ ఏడాదే డిసెంబరు 31 రాత్రి సంపూర్ణం, పది పదిన్నర మధ్య నడి గ్రహణం. హ్యాపీ న్యూ ఇయర్ అనడానికి మేలుకునేవాళ్లంతా అంతకు ముందే ఎర్ర చంద్రుడిని చూడొచ్చు. పిల్లలూ, మీరు రాసిపెట్టుకోండి.

పెద్దవాళ్లకి 1980 ఫిబ్రవరి 16 గుర్తుండే ఉంటుంది. సంపూర్ణ సూర్యగ్రహణం మన రాష్ట్రం మీదుగానే పోయింది. రోడ్ల మీద పిట్ట లేదు, తలుపులేసుకుని కూర్చున్నారు. అంతకు ముందు 1868 ఆగస్టు 18న మన పక్కన గుంటూరులోనే ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఆయన వచ్చి దుర్భిణి పెట్టుకుని సూర్యగ్రహణం చూశాడు. హీలియం కథ అక్కడి నుంచి మొదలైంది. సముద్రాలు దాటి మన దగ్గరికి వచ్చి వాళ్లు చూస్తే, మనం తలుపులేసుకున్నాం. సరే, పక్కకి పోయాను.

ఏప్రిల్ 22 రాత్రి. లైరిడ్ ఉల్కలు. ఈసారి తిథి బాగా కుదిరింది, వైశాఖ శుద్ధ షష్ఠి, 11 దాటాక చంద్రుడు ఉండడు. జోరు మనకు అర్ధరాత్రి దాటి ఒంటిగంట ప్రాంతం అని లెక్క, అంటే సరిగ్గా మన నడిరాత్రి. ఇలా కుదరడం అరుదు. అభిజిత్తు చుక్క 10 గంటలకు ఈశాన్యాన లేస్తుంది, ఉల్కలు ఆ వైపు నుంచి వచ్చినట్టు ఉంటాయి. గంటకు పది కనపడితే సంతోషించండి, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

ఉల్క అంటే చుక్క రాలడం కాదని మీకు తెలుసు. లారీ పోయాక మట్టిరోడ్డు మీద దుమ్ము లేచి ఉంటుందే, అలా తోకచుక్క పోయిన దారిలో దుమ్ము ఉండిపోతుంది. ఏటా అదే తేదీకి భూమి ఆ దారిని దాటుతుంది. అందుకే ఉల్కలకు క్యాలెండరు ఉంది. తోకచుక్కకే చాలాసార్లు క్యాలెండరు ఉండదు, కొత్తవి చెప్పాపెట్టకుండా వస్తాయి. తెలిసినవి ఉన్నాయనుకోండి, హాలీ 2061లో వస్తుంది. ఇక్కడున్న పిల్లలు చూస్తారు.

పగటి పూటది ఒకటి చెప్పి మళ్లీ రాత్రికి వస్తా, ఇది ముఖ్యంగా టీచర్ల కోసం. ఏప్రిల్ 29 ప్రాంతంలో నెల్లూరులో, మే 3 ప్రాంతంలో ఒంగోలులో, మధ్యాహ్నం 12 దాటి సుమారు 7 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఆ తర్వాత ఆగస్టు దాకా మిట్టమధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది. ఆగస్టులో మళ్లీ ఒంగోలుకు 10 ప్రాంతం, నెల్లూరుకు 13, 14. ఢిల్లీ పిల్లలకి ఈ భాగ్యం లేదు, వాళ్లకి నీడ ఎప్పుడూ ఉత్తరానికే. వేసవి సెలవులే, కానీ ఇంటి దగ్గర డాబా మీద ఒక పైపు ముక్క నిలబెట్టమనండి, చాలు.

మే నెల. నన్నడిగితే మన ఏడాదిలో అన్నిటికన్నా గొప్ప నెల ఇది. ఏ జాబితాలోనూ ఉండదు. మే మధ్యలో అమావాస్య రోజుల్లో రాత్రి 9 గంటలకు దక్షిణం వైపు తిరిగి నిలబడండి. అడ్డం లేని చోటు కావాలి. నేలకు ఒకటిన్నర పిడికిలి ఎత్తున నాలుగు చుక్కలు గాలిపటం ఆకారంలో నిలబడి ఉంటాయి. అదే దక్షిణ శిలువ, మనవాళ్లు త్రిశంకు అంటారు. దానికి ఎడమ పక్కన రెండు మెరిసే చుక్కలు పైకి ఎక్కి వస్తుంటాయి. ముందు వచ్చేది బీటా సెంటారీ, వెనక వచ్చేది ఆల్ఫా సెంటారీ, ఇందాక చెప్పానే, మన పొరుగు చుక్క. ఆ రెండిటినీ కలిపి గీత గీస్తే శిలువ దగ్గరికే పోతుంది. ఇక నెలాఖరుకు అదే వేళకి, ఆ జంట చుక్కలకి బాగా పైన, దాదాపు మూడు పిడికిళ్ల ఎత్తున బైనాక్యులర్ తిప్పండి. చిన్న దూది ఉండ కనపడుతుంది, గుండ్రంగా, మసకగా. ఒమేగా సెంటారీ. ఒక్క చుక్క కాదు, లక్షల చుక్కలు. యూరప్‌లో ఉండే అమెచ్యూర్లు, అంటే మనలా సరదాకి ఆకాశం చూసేవాళ్లు, దాని కోసం టికెట్ కొనుక్కుని దక్షిణానికి పోతారు. మనం ఆటోలో పోయి చూడొచ్చు. ఎంతమంది చూశాం?

మే 31న బ్లూ మూన్ అని వార్తల్లో వస్తుంది. ఇంగ్లీషు నెల ఒక్కదాంట్లో రెండు పౌర్ణములు పడితే రెండోదానికి ఆ పేరు, మే 1న ఒకటి, 31న ఒకటి. నీలంగా ఏమీ ఉండదు. ఈ ఏడాది మనకు అధిక జ్యేష్ఠం వచ్చిందని గమనించారా, మే 17 నుంచి. ఆ పౌర్ణమి అధిక జ్యేష్ఠ పౌర్ణమి. చాంద్రమానానికి ఏడాదికి 11 రోజులు తక్కువ పడుతుంటే, మూడేళ్ల లోపు ఒక నెల కలిపి సరిచేసుకుంటారు. ఫోటోలు తీసుకునేవాళ్లు తీసుకోండి, నేనైతే పడుకుంటా.

జూన్ 9 సాయంత్రం మాత్రం పడుకోవద్దు. పొద్దుగూకిన అరగంటకు పడమటి వైపు చూడండి. శుక్రుడు, గురువు పక్కపక్కన. మధ్య దూరం ఒకటిన్నర డిగ్రీల పైచిల్లర, అంటే మూడు నిండు చంద్రుళ్లు పట్టేంత. ఆ పక్కనే పునర్వసు జంట చుక్కలు. ఒక్క రోజే కాదు, జూన్ మొదటి నుంచే రోజూ చూడండి, శుక్రుడు గురువు వైపు ఎలా జరుగుతున్నాడో తెలుస్తుంది. గ్రహాలు కదులుతాయని చదవడం వేరు, నాలుగు సాయంత్రాలు వరసగా చూసి తెలుసుకోవడం వేరు. జూన్ మధ్యకి బుధుడు కూడా ఆ కిందనే ఉంటాడు, 17న నెలవంక శుక్రుడి దగ్గరికి వస్తుంది. బుధుడిని చూడకుండానే చాలామంది జీవితం గడిచిపోతుంది, ఈసారి వదలకండి. పన్నెండేళ్లకు రాశిచక్రం ఒక చుట్టు తిరిగే ఈ గురువే పుష్కరాలకి లెక్క. వచ్చే ఏడాది సింహంలోకి వెళ్తాడు, గోదావరి పుష్కరాలు.

ఆగస్టు 12 రాత్రి పెర్సీడ్లు, ఇందాక చెప్పా. ఆ రోజు అమావాస్య, వెన్నెల బాధ లేదు. కాకపోతే ఉల్కలు వచ్చే చోటు మనకు రాత్రి 10 దాటాక గానీ పైకి రాదు, బాగా చూడాలంటే 2 నుంచి 4.30 మధ్య. మబ్బు ఉంటే ఏం చేయలేం. ఇదే నెలలో ఇంకో ఉల్కాపాతం ఉంటుంది, వాట్సాప్‌లో. ఆగస్టు 27న అంగారకుడు చంద్రుడంత కనపడతాడు అని. 2003లో అంగారకుడు నిజంగానే బాగా దగ్గరికి వచ్చాడు, అప్పుడు పుట్టిన మెసేజ్ అది. ఇంకా తిరుగుతూనే ఉంది. అంగారకుడు ఏనాడూ చంద్రుడంత కనపడడు. మీ బావగారు పంపితే మర్యాదగా చెప్పండి.

శ్రావణ, భాద్రపదాల్లో సాయంత్రం శుక్రుడే రాజు. సెప్టెంబరు ఆఖర్న కదలకుండా పట్టుకున్న బైనాక్యులర్లో చూస్తే నెలవంకలా కనపడతాడు, అవును, శుక్రుడికీ కళలు ఉన్నాయి. అక్టోబరు 24కి సూర్యుడికీ మనకూ మధ్యకి వచ్చేస్తాడు. నవంబరులో వేగుచుక్కగా తూర్పున తేలతాడు. శని అక్టోబరు 4న సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వస్తాడు, రాత్రంతా ఉంటాడు. కానీ మనకు అప్పటికి మబ్బులు మొదలు. అందుకని శనిని సెప్టెంబరులో అర్ధరాత్రి చూసేయండి, లేదా జనవరి సాయంత్రాల్లో చూడండి. 2025లో వలయం సన్నగా గీతలా అయిపోయింది, ఇప్పుడు మళ్లీ మెల్లగా విచ్చుకుంటోంది. దీనికి టెలిస్కోప్ ఉండాలి, బైనాక్యులర్ చాలదు.

అక్టోబరు, నవంబరు నెలలకి నేను పెద్దగా ఏమీ రాయలేదు. ఒరియనిడ్లు, లియొనిడ్లు అనే ఉల్కలు ఉన్నాయి, తేదీలు మీకు ఇచ్చే కాగితంలో ఉన్నాయి. మబ్బు విడిస్తే చూద్దాం. ఒక్క మాట, తుపాను వెళ్లిపోయాక ఒకటి రెండు రాత్రులు గాలిలో దుమ్మంతా కడిగేసి ఉంటుంది, కరెంటూ ఉండదు. అలాంటి చీకటి మనకు మళ్లీ దొరకదు. ఇల్లూ వాకిలీ సర్దుకున్నాక ఒకసారి తల పైకెత్తండి.

డిసెంబరు 13 రాత్రి, 14 రాత్రి. జెమినిడ్ ఉల్కలు. ఏడాదికి ఇది పెద్ద పండగ. 13 ఆదివారం, మార్గశిర శుద్ధ చవితి, తొమ్మిదిన్నరకి చంద్రుడు పోతాడు. లెక్క ప్రకారం జోరు 14 సాయంత్రం ఏడున్నర ప్రాంతం, కాబట్టి రెండు రాత్రుల్లో ఏది మబ్బు లేకుంటే అది మనది. తుపాను ఉంటే ఏదీ కాదు, ముందే చెబుతున్నా. ఇవి తోకచుక్క దుమ్ము కావు, ఫేథాన్ అనే గ్రహశకలం దుమ్ము, దాన్ని 1983లో కనిపెట్టారు. మెల్లగా, కాస్త పసుపుగా, తీరిగ్గా పోతాయి, చూడు చూడు అనేలోపు మాయం కావు. పునర్వసు జంట చుక్కల దగ్గర నుంచి వస్తాయి, అర్ధరాత్రి దాటి 2 గంటలకు ఆ చోటు దాదాపు నెత్తిన ఉంటుంది. చీకటి ఉన్న చోట గంటకు యాభై కనపడినా ఆశ్చర్యం లేదు. ఊళ్లో పదో పదిహేనో.

చీకటి ఎక్కడుంది అని అడుగుతారు. కోస్తా వెంట రొయ్యల గుంటలు, ప్రతి గుంటకూ లైట్లు. బీచ్‌కి పోతే తూర్పు బాగుంటుంది, పడమర అంతా తెల్లగా వెలుగుతుంటుంది. దానికి తోడు ఉప్పు తేమ, అద్దాలు గంటకోసారి తుడవాలి. నిజమైన చీకటి కావాలంటే పడమటికి పోవాలి. ఉదయగిరి వైపు, సీతారామపురం వైపు. కనిగిరి దాటి భైరవకోన వైపు, కంభం చెరువు వైపు. వానా తక్కువే అక్కడ, మబ్బూ తక్కువే. ఎవరూ ఒంటరిగా పోవద్దు, అడవి లోపలికి వద్దు, ఊరి పెద్దలకు చెప్పి ఊరి పక్క పొలాల్లో పడుకోండి. టార్చికి ఎర్ర గాజు కాగితం చుట్టండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది, ఒక్కసారి ఫోన్ చూస్తే ఆ అరగంటా మళ్లీ మొదటికి. దోమల మందు తెచ్చుకోండి. నెల్లూరు వాళ్లకి దోమల గురించి చెప్పడం ఏంది గానీ, ఉదయగిరి నుంచి వచ్చిన వాళ్లు ఉన్నారని చెబుతున్నా.

డిసెంబరు 23 రాత్రి సూపర్ మూన్, ఈ ఏడాదికి అన్నిటికన్నా దగ్గరి పౌర్ణమి. పక్కన పోల్చడానికి ఇంకో చంద్రుడు లేడు కాబట్టి తేడా మీకు తెలియదు. అంతే.

జనవరి నుంచి మన సీజన్. 2027 ఫిబ్రవరిలో రెండు పెద్ద గ్రహాలు ఒకేచోట. గురువు 10 ప్రాంతంలో, అంగారకుడు 19న సూర్యుడికి ఎదురుగా వస్తారు, ఇద్దరూ మఖ నక్షత్రం దగ్గరే. 20వ తేదీ మాఘ పౌర్ణమి, చంద్రుడూ అక్కడికే వస్తాడు. అంగారకుడికి ఇలా ఎదురు రావడం 26 నెలలకోసారి, కానీ ఈసారి దూరం పది కోట్ల కిలోమీటర్లు. 2018లో 6 కోట్ల లోపే. కాబట్టి టెలిస్కోప్‌లో చిన్నగానే ఉంటాడు, రంగు మాత్రం కంటికి బాగా తెలుస్తుంది. గురువు చుట్టూ నాలుగు చంద్రుళ్లు బైనాక్యులర్లోనే కనపడతాయి, 1610లో గెలీలియో చూసినవి అవే. ఇవాళ రెండు ఒక పక్కన ఉంటే, రేపు మూడు ఇంకో పక్కన ఉంటాయి. పిల్లల చేత నోటు పుస్తకంలో బొమ్మ వేయించండి, వారం చాలు.

ఇక శివరాత్రి. 2027 మార్చి 6, శనివారం. ఆకాశం చూసేవాళ్లకి దీన్ని మించిన రాత్రి మన ప్రాంతంలో ఇంకోటి లేదు. ఆలోచించండి. మాఘ బహుళ చతుర్దశి, చంద్రుడు తెల్లవారే ముందు గానీ రాడు. వానాకాలం పోయింది, ఎండాకాలం ఉక్క ఇంకా రాలేదు. మర్నాడు ఆదివారం. అన్నిటికన్నా ముఖ్యం, ఆ రాత్రి మేలుకుంటానంటే ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. సాయంత్రం నెత్తి మీద మృగశిర, ఆర్ద్ర, కింద దక్షిణాన అగస్త్యుడు. అర్ధరాత్రికి నెత్తిన మఖ, గురువూ అంగారకుడూ అక్కడే. ఒంటిగంటన్నరకు దక్షిణాన త్రిశంకు నిటారుగా. నాలుగింటికి జ్యేష్ఠ, వృశ్చికం మొత్తం, దాని వెనక పాలపుంత నడిబొడ్డు. ఒక్క రాత్రిలో ఏడాది ఆకాశం దాదాపు అంతా కళ్ల ముందు తిరుగుతుంది. టెలిస్కోప్ ఉన్నవాళ్లు, మెస్సియర్ అనే ఆయన పేరు మీద ఉన్న జాబితాలోని 110 మసక మచ్చల్లో ఎన్ని పట్టగలరో ఆ రాత్రే పందెం వేసుకోవచ్చు, ప్రపంచంలో అమెచ్యూర్లంతా మార్చి అమావాస్యకే ఆ పందెం కాస్తారు. గుళ్ల దగ్గర లైట్లు, మైకులు ఉంటాయి కాబట్టి దర్శనం ముందే చేసుకుని ఒక కిలోమీటరు అవతలకి రండి.

వచ్చే ఉగాది 2027 ఏప్రిల్ 7. అక్కడితో నా పంచాంగం అయిపోయింది. దాని తర్వాత ఆగస్టు 2న సాయంత్రం మనకు పాక్షిక సూర్యగ్రహణం ఉంది, దాని కోసం అద్దాల సంగతి ముందుగా మాట్లాడుకోవాలి, ఎక్స్‌రే ఫిల్ములు, నల్ల కళ్లద్దాలు పనికిరావు. అది వచ్చే ఏడాది మాట.

శ్రీహరికోట ప్రయోగాలు ఇందులో ఎందుకు లేవని ఇందాక ఒక అబ్బాయి అడిగాడు. వాటి తేదీలు వారం ముందు దాకా మారుతూనే ఉంటాయి నాయనా, క్యాలెండరులో రాస్తే కొట్టివేతలే మిగులుతాయి. రాత్రి ప్రయోగం ఉందని తెలిసిన రోజున మాత్రం దక్షిణం వైపు మేడెక్కు, చాలు.

కాగితాలు వెనక బల్ల మీద పెట్టాం, ఇంటికి ఒకటి తీసుకోండి. తేదీ, తిథి, చంద్రుడు ఎప్పుడు పోతాడు, ఎటు చూడాలి, ఇంతే ఉంటాయి. చివరి గడి ఖాళీగా వదిలాం, అందులో ఆ రాత్రి మబ్బుందా లేదా అని మీరే రాయాలి. నెల్లూరులో ఉన్నవాళ్లు, కావలిలో ఉన్నవాళ్లు, ఒంగోలు, కనిగిరి వాళ్లు, అందరూ రాయండి. నాలుగైదేళ్లు అలా రాస్తే ఏ నెలలో ఏ ఊరికి పోవాలో లెక్క మన చేతిలో ఉంటుంది. మొదటి గడి ఏప్రిల్ 22 బుధవారం రాత్రి. ఇక ప్రశ్నలుంటే అడగండి.